శీతాకాలంలో థీమ్ పార్కు ట్రిప్: ముందు వారం తేల్చుకోండి, పార్కు సంగతి తర్వాత

శీతాకాలంలో పిల్లల్ని థీమ్ పార్కు రిసార్టుకి తీసుకెళ్దామనుకునే వాళ్లందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఫ్లోరిడానా, పారిసా, టోక్యోనా?" నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదట తేలాల్సింది ఏ వారం వెళ్తున్నామన్నది. ఒకే పార్కు డిసెంబర్ 5న ఒకలా ఉంటుంది, డిసెంబర్ 28న ఇంకోలా ఉంటుంది, జనవరి 20న చూస్తే ఇదీ అదీ ఒకటేనా అనిపిస్తుంది. టికెట్ ధర, హోటల్ అద్దె, క్యూ పొడవు, పార్కు తెరిచి ఉంచే గంటలు, ఏ రైడ్లు నడుస్తాయి, ఏవి రిపేర్లకి మూసేస్తారు, అన్నీ వారాన్ని బట్టే మారతాయి. మంచి పార్కుని చెడ్డ వారంలో చూడటం కన్నా ఓ మాదిరి పార్కుని మంచి వారంలో చూడటం మేలు. ఈ పోలికంతా ఆ లెక్కనే రాస్తున్నాను.

శీతాకాలంలో మూడు ముక్కలు

మొదటి ముక్క నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ 18, 20 దాకా. అప్పటికే క్రిస్మస్ అలంకరణ పూర్తయి, పండగ పరేడ్లు మొదలై ఉంటాయి. చాలా దేశాల్లో బడులకి మాత్రం ఇంకా సెలవులు ఇచ్చి ఉండరు. పండగ హడావిడి చూడాలి, జనంలో నలగకూడదు అనుకునే కుటుంబానికి ఇంతకంటే మంచి రోజులు దొరకవు. అమెరికాలో అయితే మధ్యలో ఒక గండం ఉంది. నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. ఆ వారం రద్దీ క్రిస్మస్ వారానికి ఏమంత తీసిపోదు. అది దాటిన తర్వాత వచ్చే సోమవారం నుంచి సుమారు రెండు వారాలు అసలైన అవకాశం.

ఈ ముక్కలోనే ఫ్లోరిడాలో ఒక చిన్న కిటుకు ఉంది. అక్కడి డిస్నీ వరల్డ్ రిసార్టులోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో నవంబర్, డిసెంబర్ నెలల్లో కొన్ని రాత్రులు విడిగా టికెట్ పెట్టి క్రిస్మస్ పార్టీ నడుపుతారు. ఆ రోజుల్లో మామూలు టికెట్ మీద వచ్చిన వాళ్లు సాయంత్రం 6 గంటలకి బయటికి వెళ్లిపోవాలి. రాత్రి బాణాసంచా చూడనివ్వరు కదా అని చాలామంది ఆ రోజుల్ని వదిలేస్తారు, దాంతో పగలు క్యూలు తగ్గుతాయి. చీకటి పడేసరికి ఎలాగూ తూలిపోయే నాలుగేళ్ల పిల్లలున్న ఇంటికి ఇది కలిసొచ్చే విషయం. రైడ్ల కోసం పార్టీ ఉన్న రోజు పగలు, బాణాసంచా కోసం పార్టీ లేని ఇంకో సాయంత్రం పెట్టుకుంటే రెండూ దక్కుతాయి.

రెండో ముక్క డిసెంబర్ 20 నుంచి జనవరి 2, 3 దాకా. అన్నీ తెరిచి ఉంటాయి, పార్కు పొద్దుపోయేదాకా నడుస్తుంది, ధరలు ఏడాదిలోకల్లా ఎక్కువ, జనం కూడా అంతే. మ్యాజిక్ కింగ్‌డమ్ లాంటి చోట ఈ రోజుల్లో పార్కు నిండిపోయి లోపలికి పంపడం ఆపేసిన సందర్భాలున్నాయి. ఈ వారం తప్ప వేరే సెలవు దొరకని వాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లని వద్దనను. కాకపోతే ఆ వారానికి సరిపడే పార్కు ఎంచుకోవాలి, సరిపడే అంచనాలతో వెళ్లాలి. ఆ సంగతి కింద చెప్తాను.

మూడో ముక్క జనవరి మొదటి వారం అయ్యాక ఫిబ్రవరి మధ్య దాకా. జనం తక్కువ, ధరలు తక్కువ, క్యూలు చిన్నవి. అందుకే చాలామంది కళ్లు మూసుకుని ఈ రోజులే మంచివని చెప్తారు. పూర్తిగా నిజం కాదు. అలంకరణ తీసేసి ఉంటారు, పార్కు తొందరగా మూసేస్తారు, పెద్ద రైడ్ల మరమ్మతులు సరిగ్గా ఈ నెలల్లోనే పెడతారు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల భవనం రైడ్‌కి పండగ వేషం వేస్తారు కదా, ఆ వేషం తీసేయడానికి జనవరిలో రైడ్‌ని కొన్నాళ్లు మూసేస్తారు. ఆ ఒక్కదాని కోసమే ఎదురుచూసిన పిల్లాడికి ఈ విషయం గేటు దగ్గర తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పైగా ఈ ఖాళీ నెలల్లో కూడా గుంటలున్నాయి. అమెరికాలో జనవరి మూడో సోమవారం, ఫిబ్రవరి మూడో సోమవారం జాతీయ సెలవులు, ఆ రెండు వారాంతాలూ నిండిపోతాయి. జనవరి మొదట్లో డిస్నీ వరల్డ్‌లో మారథాన్ వారాంతం ఉంటుంది. తెల్లవారుజామున రోడ్లు మూసేస్తారు, హోటళ్లు పరుగెత్తేవాళ్లతో నిండిపోతాయి. ఫ్రాన్సులో ఫిబ్రవరి నుంచి మార్చి మొదటి రోజుల దాకా బడులకి ప్రాంతాల వారీగా, ఒకదాని తర్వాత ఒకటిగా శీతాకాలపు సెలవులిస్తారు. అంటే పారిస్ డిస్నీల్యాండ్‌లో రద్దీ ఒక వారంతో పోదు, దాదాపు నెలంతా సాగుతుంది. హాంకాంగ్, షాంఘై డిస్నీ పార్కులకి చైనా వాళ్ల చంద్రమాన నూతన సంవత్సరం అసలు పీక్. ఆ తేదీ ఏటా మారుతుంది: 2026లో ఫిబ్రవరి 17న వచ్చింది, 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది. తేదీలు ఖాయం చేసే ముందు ఆ ఏటి క్యాలెండర్ ఒకసారి తిరగేయండి.

చలికి ఏవి ఆగిపోతాయి

రోలర్ కోస్టర్ బండికి సాధారణంగా ఇంజన్ ఉండదు. మొదటి ఎత్తు నుంచి దిగేటప్పుడు వచ్చిన ఊపుతోనే మిగతా దారంతా తిరిగి రావాలి. బాగా చలిగా ఉంటే బేరింగుల్లో గ్రీజు చిక్కబడుతుంది, చక్రాల మీది పాలీయురెథేన్ పొర గట్టిపడుతుంది, బండి నెమ్మదిస్తుంది. ఊపు చాలక తర్వాతి ఎత్తు ఎక్కలేకపోతే మధ్యలో పల్లంలో నిలిచిపోయే ప్రమాదం ఉంది. అందుకే చల్లటి దేశాల్లో ఒక హద్దు కంటే ఉష్ణోగ్రత తగ్గినా, గాలి మరీ జోరుగా వీచినా ఆరుబయటి కోస్టర్లని ఆపేస్తారు. ఇది సిబ్బంది బద్ధకం కాదు, వాళ్లతో వాదించి లాభం లేదు. గాలి ఎక్కువైతే బాణాసంచా, పరేడ్లు కూడా రద్దవుతాయి.

ఫ్లోరిడాలో కోస్టర్లకి ఈ బాధ అరుదు గానీ వాటర్ పార్కులకి ఉంది. డిస్నీ వరల్డ్‌కి టైఫూన్ లగూన్, బ్లిజార్డ్ బీచ్ అని రెండు వాటర్ పార్కులున్నాయి. శీతాకాలంలో వాటిలో ఒకటి మరమ్మతులకి మూసి ఉండటం మామూలే, మరీ చల్లటి రోజు రెండోది కూడా తెరవరు. కాబట్టి వాటర్ పార్కు కలిపిన టికెట్‌కి ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఆలోచించండి. నీళ్లంటే ప్రాణం పెట్టే పిల్లలకి జర్మనీలోని యూరోపా పార్కు నయం. అక్కడ రులాంటికా అని 2019లో తెరిచిన ఇండోర్ వాటర్ పార్కు ఉంది, బయట మంచు పడుతున్నా లోపల ఈత కొట్టొచ్చు.

పగటి నిడివి సంగతి మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోరు. డిసెంబర్ చివర్లో పారిస్‌లో పగలు ఎనిమిది గంటల పైచిలుకు మాత్రమే, ఐదు గంటలకల్లా చీకటి. టోక్యోలో నాలుగున్నరకే సూర్యుడు అస్తమిస్తాడు. ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ ఉన్న ఓర్లాండోలో ఐదున్నర దాటాక. ఇది వినగానే నష్టమనిపిస్తుంది, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి మాత్రం లాభమే. వేసవిలో దీపాలంకరణ చూడాలంటే పిల్లల్ని రాత్రి తొమ్మిది, పది దాకా మేలుకో పెట్టాలి. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నరకే పార్కంతా దీపాలతో వెలిగిపోతుంది, ఏడింటికి గదికి చేరి పడుకోబెట్టొచ్చు.

వెచ్చటి చోట్లు: ఫ్లోరిడా, కాలిఫోర్నియా, అబుదాబి, హాంకాంగ్

వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబర్ 1న మొదలైంది. నాలుగు థీమ్ పార్కులు, రెండు వాటర్ పార్కులు, పదుల హోటళ్లు కలిపి సుమారు 100 చదరపు కిలోమీటర్లు. జనవరిలో మధ్యాహ్నం సగటున 22 డిగ్రీలు, తెల్లవారుజామున 10 ఉంటుంది. ఉత్తరం నుంచి చలిగాలి దిగిన రోజు పొద్దున్న అంతకంటే బాగా పడిపోతుంది, మర్నాడే మళ్లీ టీ షర్టు వాతావరణం. ఫ్లోరిడా కదా అని స్వెట్టర్ లేకుండా వెళ్లి, పార్కు దుకాణంలో బొమ్మ ఉన్న జాకెట్ని రెండింతలు పెట్టి కొనే కుటుంబాలు కోకొల్లలు. ఆ దుకాణాలు జాకెట్లని ముందు వరుసలో ఊరికే పెట్టవు మరి.

డిస్నీ వరల్డ్‌కి బలం దాని విస్తీర్ణమే, ఇబ్బంది కూడా అదే. నాలుగు పార్కులకి కనీసం నాలుగు రోజులు కావాలి, మధ్యలో ఒక రోజు విశ్రాంతి పెట్టుకోకపోతే మూడో రోజుకే ఇంట్లో అందరికీ ముక్కు మీద కోపం వస్తుంది. నాలుగు రోజులు కేటాయించలేని వాళ్లు అన్నీ అంటుకోకుండా మ్యాజిక్ కింగ్‌డమ్, ఎప్కాట్ రెండే చూడటం నయం. డిసెంబర్‌లో ఎప్కాట్‌కి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ 11 దేశాల మండపాలున్నాయి, పండగ రోజుల్లో ఒక్కో దేశం సంప్రదాయాల్ని కథకులు వచ్చి చెప్తారు. రైడ్లు ఎక్కలేని పెద్దవాళ్లకి ఇంతకంటే మంచి పార్కు ఆ రిసార్టులో లేదు.

పక్కనే యూనివర్సల్ ఓర్లాండో. 1990లో తెరిచిన యూనివర్సల్ స్టూడియోస్, 1999 నాటి ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్, 2017లో వచ్చిన వోల్కనో బే వాటర్ పార్కు, 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్. పిల్లలు పదేళ్లు దాటి ఎత్తుగా ఉంటే నా ఓటు దీనికే. అయిదేళ్ల లోపు వాళ్లైతే డిస్నీకి. కారణం ఎత్తు నిబంధన. హాగ్రిడ్ మోటార్‌బైక్ కోస్టర్‌కి 122 సెంటీమీటర్లు, వెలాసీకోస్టర్‌కి 130 సెంటీమీటర్లు ఉండాలి. డిస్నీలో సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 97 చాలు, ఎత్తు హద్దే లేని రైడ్లు బోలెడున్నాయి. ఎపిక్ యూనివర్స్‌లో చాలా భాగం ఎండకి తెరిచి ఉంటుంది, నీడ తక్కువ. వేసవిలో కష్టపెట్టే ఆ సంగతి డిసెంబర్‌లో సమస్యే కాదు. దాన్ని చూడాలనుకుంటే శీతాకాలంలోనే చూడండి.

కాలిఫోర్నియాలోని అనహైమ్ డిస్నీల్యాండ్ 1955 జూలై 17 నాటిది, అన్నిటికీ పెద్దక్క. రెండు పార్కుల గేట్లు ఎదురెదురుగా ఉంటాయి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి నడిచి వెళ్లడానికి కొద్ది నిమిషాలు చాలు. బస్సులు, మోనోరైళ్ల గొడవ లేదు. మూడు రోజులకి మించి సమయం లేని వాళ్లకి, స్ట్రోలర్ తోసుకుంటూ ఎక్కువ దూరాలు తిరగలేని వాళ్లకి ఫ్లోరిడా కంటే ఇదే సుఖం. మధ్యాహ్నం 20 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అక్కడ వానలన్నీ ఈ నెలల్లోనే పడతాయి కాబట్టి రెయిన్‌కోట్ తప్పదు.

అబుదాబిలోని యాస్ ఐలాండ్ గురించి ఆలోచించే వాళ్లు తక్కువ గానీ, క్రిస్మస్ వారం తప్ప వేరే దారి లేని కుటుంబానికి నేను మొదట చెప్పేది దీన్నే. ఫెరారీ వరల్డ్ 2010లో, యాస్ వాటర్‌వరల్డ్ 2013లో, వార్నర్ బ్రదర్స్ వరల్డ్ 2018లో, సీవరల్డ్ 2023లో తెరిచారు. ఒకే దీవి మీద, ఒకదానికొకటి దగ్గర్లో. జనవరిలో మధ్యాహ్నం 24 డిగ్రీల దాకా ఉండే వాతావరణం. అక్కడా ఇది సీజనే, జనం ఉంటారు, అయినా ఓర్లాండోలో క్రిస్మస్ వారం చూసిన వాళ్లకి ఇది లెక్కలోకి రాదు. వార్నర్ బ్రదర్స్ పార్కు పూర్తిగా లోపలే కాబట్టి వాన, గాలి, ఎండ బెంగ లేదు. ఫెరారీ వరల్డ్‌లో గంటకి 240 కిలోమీటర్ల వేగంతో పోయే ఫార్ములా రోసా కోస్టర్ పెద్ద పిల్లలకి ఒక్కటి చాలు, రక్షణ కళ్లద్దాలు (గాగుల్స్) పెట్టుకోనిదే ఎక్కనివ్వరు. ఫిబ్రవరిలో వెళ్తే రంజాన్ తేదీలు చూసుకోండి, ఆ నెలలో పనివేళలు మారతాయి. లోటు చెప్పాలంటే, డిస్నీ కోట ముందు నిలబడి దీపాలు వెలగడం చూసే ఆ పండగ వాతావరణం ఇక్కడ అంతగా రాదు.

హాంకాంగ్ డిస్నీల్యాండ్ 2005లో తెరిచారు. చిన్నది, ఒకే పార్కు, రోజున్నర చాలు. అది ఉన్న లాంటావ్ దీవి పక్కనే విమానాశ్రయం, పార్కు దాకా మెట్రో. సన్నీ బే దగ్గర మారితే వచ్చే రైలుకి కిటికీలు మిక్కీ తల ఆకారంలో ఉంటాయి, పిల్లలకి పార్కు అక్కడే మొదలైపోతుంది. డిసెంబర్, జనవరిలో వాన తక్కువ, మధ్యాహ్నం 19 డిగ్రీల దగ్గర. 2023 నవంబర్‌లో ఫ్రోజెన్ సినిమా లోకాన్ని తెరిచారు. మొదటిసారి ఇలాంటి ట్రిప్‌కి వెళ్తున్నవాళ్లు, ముఖ్యంగా మూడు నుంచి ఏడేళ్ల పిల్లలున్నవాళ్లు, పెద్ద రిసార్టులకి పోయి తలమునకలయ్యే కంటే ఇక్కడ మొదలుపెట్టడం తెలివైన పని. పన్నెండేళ్ల వాళ్లకి మాత్రం మధ్యాహ్నానికే అయిపోయిందా అనిపిస్తుంది.

సింగపూర్ యూనివర్సల్‌ని కూడా ఈ కోవలో చేర్చేవాళ్లున్నారు. చలి ఉండదన్నది నిజమే, కానీ డిసెంబర్, జనవరి అక్కడ బాగా వానలు పడే నెలలు. మెరుపులొస్తే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు. ఊరు చూడటానికి వెళ్లి ఒక రోజు పార్కుకిస్తే సరే. పార్కు కోసమే వెళ్లాలంటే శీతాకాలం దానికి సరైన కాలం కాదు.

చల్లటి చోట్లు: పారిస్, టోక్యో

ఈ రెండింటి మధ్యే ఎక్కువమంది ఊగిసలాడతారు. అంకెలు చూస్తే పెద్ద తేడా లేదు: జనవరిలో పారిస్ మధ్యాహ్నం 7 డిగ్రీలు, టోక్యో 10. కానీ ఆ చలి రకం వేరు. పారిస్‌ది మబ్బు పట్టి, సన్నగా తుంపర పడుతూ, ఎముకల్లోకి దిగే తడి చలి. టోక్యోది పొడి చలి, ఎక్కువ రోజులు నీలాకాశం, మంచి ఎండ. మధ్యాహ్నం ఎండలో నిలబడితే జాకెట్ బరువనిపిస్తుంది. టోక్యోకి ఉన్న బాధ గాలి. పార్కులు సముద్రం ఒడ్డున ఉరయాసులో ఉన్నాయి, సూర్యుడు దిగగానే అఖాతం మీంచి వచ్చే గాలి చెవుల్ని కోసేస్తుంది.

పారిస్ పార్కు కట్టినప్పుడే ఈ వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకున్నారు. 1992 ఏప్రిల్ 12న తెరిచిన ఆ పార్కులో మెయిన్ స్ట్రీట్‌కి రెండు పక్కలా దుకాణాల వెనక పైకప్పున్న నడవాలున్నాయి, ఒకటి లిబర్టీ ఆర్కేడ్, రెండోది డిస్కవరీ ఆర్కేడ్. వాన పడుతున్నప్పుడు తడవకుండా కోట దాకా దాదాపు వచ్చేయొచ్చు. కోట కింద గుహలో గొలుసులతో కట్టేసిన కదిలే డ్రాగన్ ఉంది. దానికి క్యూ ఉండదు, చలికి వణుకుతున్న పిల్లల్ని ఓ పావుగంట దాచుకోవడానికి మంచి చోటు. మిగతా డిస్నీ కోటల్లో ఇలాంటిది లేదు.

టోక్యోలో రెండు పార్కులు. 1983లో వచ్చిన టోక్యో డిస్నీల్యాండ్, 2001లో వచ్చిన డిస్నీసీ. వీటిని నడిపేది డిస్నీ కాదు, ఓరియెంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీ. శుభ్రత, సిబ్బంది మర్యాద, నిర్వహణలో చాలామంది దీన్నే అన్నిటికంటే పైన పెడతారు, నేనూ ఒప్పుకుంటాను. 2024 జూన్‌లో డిస్నీసీలో ఫాంటసీ స్ప్రింగ్స్ అనే కొత్త భాగం తెరిచాక ఆ పార్కుకి ఒక రోజు చాలడం కష్టమైంది. జపాన్‌లో డిసెంబర్ 25తో క్రిస్మస్ అలంకరణ అయిపోతుంది, జనవరి 1 నుంచి కొత్త సంవత్సరపు హంగామా. క్రిస్మస్ అక్కడ సెలవు రోజు కాదు కాబట్టి డిసెంబర్ మొదటి రెండు వారాల్లో సోమవారం నుంచి గురువారం దాకా ఉండే రోజులు బాగుంటాయి. డిసెంబర్ 29 నుంచి జనవరి 3 దాకా దేశమంతా సెలవులో ఉంటుంది, ఆ రోజులు వద్దు. జనవరి రెండో సోమవారం యుక్తవయసు దినం. ఆ పండగకి ఉరయాసు నగరం తన వేడుకని టోక్యో డిస్నీల్యాండ్‌లోనే జరుపుతుంది. కిమోనోల్లో మెరిసిపోయే ఇరవయ్యేళ్ల అమ్మాయిలు కోట ముందు ఫొటోలు దిగుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ, ఆ వారాంతం రద్దీ కూడా గట్టిగానే ఉంటుంది.

టోక్యోలో ఇంకో సంగతి. పరేడ్ కోసం జనం ముందుగానే వచ్చి నేల మీద పలచటి షీట్ పరుచుకుని కూర్చుంటారు. శీతాకాలంలో ఆ నేల మంచుగడ్డలా ఉంటుంది. మందపాటి చాప లాంటిది ఏదైనా పట్టుకెళ్తే కింద నుంచి ఎక్కే చలి ఆగుతుంది.

ఈ రెండింటిలో ఏదంటే: అయిదేళ్ల లోపు పిల్లలుంటే జనవరిలో పారిస్ వద్దంటాను, డిసెంబర్ మొదట్లో అయితే సరే. చలి తట్టుకోలేని అమ్మమ్మలు, తాతయ్యలు వెంట వస్తుంటే టోక్యో ఎండ వాళ్లకి హాయి, అయితే సాయంత్రం తొందరగా గదికి చేర్చాలి. పారిస్‌లో పార్కుతో పాటు ఊరు కూడా చూడాలనుకుంటే సౌకర్యం బాగుంది. ఊరి నడిబొడ్డు నుంచి ఆర్‌ఈఆర్ ఏ రైలు 40 నిమిషాల్లో పార్కు గేటు ముందే దింపుతుంది, షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే పది నిమిషాలు. టోక్యో స్టేషన్ నుంచి పార్కుల దగ్గరి మైహామా స్టేషన్‌కి జేఆర్ కేయో లైన్‌లో పావుగంట. అక్కడ దిగాక పార్కుల చుట్టూ తిరిగే మోనోరైలు ఉచితం కాదు, ముందే తెలుసుకుని వెళ్లండి.

డిస్నీ పేరు మీద మోజు లేనివాళ్లకి యూరప్‌లో ఇంకో రెండున్నాయి. నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ 1952 నాటిది, 2010 నుంచి ఏడాది పొడుగునా తెరిచే ఉంటోంది. అడవిలో జానపద కథల బొమ్మలతో నిండిన పార్కు, శీతాకాలంలో దానికి అందం ఇంకా పెరుగుతుంది. యూరోపా పార్కు నవంబర్ చివర్లో తెరిచి జనవరిలో మూసేస్తుంది, తర్వాత వసంతం దాకా తెరవదు. జనవరి చివరికి ప్లాన్ వేసుకుంటే గేటు తాళాలు చూసి రావాలి.

రిసార్టు హోటలా, బయట హోటలా

వేసవిలో ఈ ప్రశ్నకి జవాబు డబ్బు లెక్కలో దొరుకుతుంది. శీతాకాలంలో లెక్క మారుతుంది. చల్లటి చోట మధ్యాహ్నం రెండు గంటలు గదికి వచ్చి, తడిసిన సాక్సులు మార్చి, పిల్లల్ని ఓ కునుకు తీయించి మళ్లీ దీపాల వేళకి వెళ్లగలిగితేనే ఆ రోజు నిలబడుతుంది. నడిచి వెళ్లే దూరంలో గది లేకపోతే అది జరగదు. అందుకే పారిస్‌లో, టోక్యోలో లోపలి హోటల్‌కి ఎక్కువ పెట్టడం సమంజసం. పారిస్‌లో డిస్నీ హోటళ్ల ప్యాకేజీల్లో పార్కు టికెట్లు కలిసే ఉంటాయి, కాబట్టి బయటి హోటల్‌తో పోల్చేటప్పుడు టికెట్ల ఖర్చు కూడా అటు వైపు కలిపి చూడండి, తేడా మీరనుకున్నంత ఉండకపోవచ్చు. అనహైమ్‌లో మాత్రం పార్కు ఎదురుగా, నడిచే దూరంలోనే వేరే వాళ్ల హోటళ్లు బారులు తీరి ఉన్నాయి, అక్కడ బయటిదే నయం.

డిస్నీ వరల్డ్‌లో లోపలి హోటల్ వాళ్లని రోజూ అరగంట ముందు లోపలికి వదులుతారు. టోక్యోలో అది 15 నిమిషాలు. వినడానికి ఇంతేనా అనిపించినా రెండో ముక్కలో, అంటే క్రిస్మస్ వారంలో, ఆ అరగంటలో రెండు పెద్ద రైడ్లు అయిపోతాయి. జనవరి చివర్లో దానికి అంత విలువ లేదు.

యూనివర్సల్ ఓర్లాండోలో ఒక మంచి బేరం ఉంది. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ ఈ మూడు హోటళ్లలో దిగిన వాళ్లందరికీ క్యూ దాటించే ఎక్స్‌ప్రెస్ అన్‌లిమిటెడ్ పాస్ ఉచితం, చెకిన్ రోజుకీ చెకౌట్ రోజుకీ కూడా. ఒక్క రాత్రి దిగితే రెండు రోజుల పాస్ వచ్చినట్టు. రద్దీ వారంలో నలుగురికి విడిగా పాస్ కొనే ఖర్చుతో పోలిస్తే గది అద్దే తక్కువ కావచ్చు, రెండూ లెక్కేసి చూడండి. అయితే ఆ పాస్ పాత రెండు పార్కులకే, ఎపిక్ యూనివర్స్‌కి పనికిరాదు.

క్యూ దాటించే పాసులు కొనాలా

మొదటి ముక్కలో అవసరాన్ని బట్టి, రెండో ముక్కలో కొనాల్సిందే, మూడో ముక్కలో చాలావరకు దండగ. నా లెక్క ఇంతే. డిస్నీ వరల్డ్‌లో 2024 జూలై నుంచి లైట్నింగ్ లేన్ అనే క్యూ దాటించే పాస్ పద్ధతి మారింది: లోపలి హోటల్ వాళ్లు ఏడు రోజుల ముందు, బయటి వాళ్లు మూడు రోజుల ముందు రైడ్ సమయాలు బుక్ చేసుకోవచ్చు. క్రిస్మస్ వారంలో పెద్ద రైడ్లన్నీ ఆ ఏడు రోజుల వాళ్లే ఎగరేసుకుపోతారు. టోక్యోలో ఒక్కో రైడ్‌కి విడిగా ప్రీమియర్ యాక్సెస్ అనే క్యూ దాటించే పాస్ కొనే వీలుంది. రోజంతా పాస్ అక్కర్లేదు, చలిలో గంట నిలబడాల్సిన ఒకటి రెండు రైడ్లకి కొంటే చాలు. చిన్నపిల్ల ఎత్తు సరిపోకపోతే తల్లిదండ్రుల్లో ఒకరు క్యూలో వెళ్లి ఎక్కి వచ్చాక రెండో వాళ్లు మళ్లీ మామూలు క్యూ కట్టకుండా ఎక్కే రైడర్ స్విచ్ సదుపాయం చాలా పెద్ద పార్కుల్లో ఉంది. దానికి డబ్బులు తీసుకోరు, అడిగితేనే చెప్తారు.

వయసు లెక్కలు కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. ఫ్లోరిడా డిస్నీలో మూడేళ్ల లోపు వాళ్లకి టికెట్ లేదు, పదేళ్లు నిండితే పెద్దవాళ్ల టికెట్. పారిస్‌లో 3 నుంచి 11 దాకా పిల్లల టికెట్, టోక్యోలో 4 నుంచి 11. పదేళ్లో పదకొండేళ్లో వయసున్న పిల్లలు ఇద్దరుంటే ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక బుకింగ్ వరుస. ముందు వారం తేల్చండి, తర్వాత క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కిచ్చే హోటల్ గది పట్టుకోండి, తర్వాత పార్కు వెబ్‌సైట్‌లో మరమ్మతుల పట్టిక చూడండి. పిల్లలు కలవరించే రైడ్ ఆ తేదీల్లో మూసి ఉందేమో అక్కడ తెలుస్తుంది. మూసి ఉంటే వారం మార్చండి, వీలు కాకపోతే పిల్లలకి ఇంట్లోనే చెప్పేయండి. టికెట్లు ఆ తర్వాతే. టోక్యో టికెట్లు ఎలాగూ రెండు నెలల ముందు గానీ అమ్మకానికి రావు, తొందరపడి లాభం లేదు.

సామాన్లలో బరువైన ఓవర్‌కోటు ఒకటి పెట్టే బదులు పలచటి పొరలు మూడు పెట్టండి. క్యూలో చలి, రైడ్ ఉన్న భవనం లోపల హీటర్ వేడి, మళ్లీ బయట చలి, పిల్లలకి రోజంతా విప్పడం, తొడగడమే సరిపోతుంది. చేతికి గ్లవ్స్ రెండు జతలు ఉండాలి, ఒకటి ఎలాగూ పోతుంది. టికెట్లు, క్యూ పాసులు, పార్కు మ్యాపు అన్నీ ఫోన్‌లోనే ఉంటాయి, చలికి ఫోన్ బ్యాటరీ మామూలు కంటే త్వరగా పడిపోతుంది. ఫోన్‌ని బ్యాగు పై జేబులో కాకుండా జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి, పవర్ బ్యాంకు ఒకటి కాదు, రెండు తీసుకెళ్లండి.